వరి మడిలో మిత్రపురుగుల పనికి రూపాయల్లో లెక్క కట్టడం ఎలా?

సుడిదోమ (వరి దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చే పురుగు) మందుకు ఎంత ఖర్చయిందని వరి రైతును అడిగితే రూపాయితో సహా చెబుతారు. మందు కొట్టకముందు నెల రోజులపాటు అదే దోమను తిన్న సాలీళ్ల పని విలువెంత అంటే ఏ పద్దులోనూ ఉండదు. బిల్లు రాని పని కాబట్టి ధర కూడా లేదనుకుంటాం. అందుకే నాటిన ఇరవై రోజులకే "ఎందుకైనా మంచిది" అని ఒక పిచికారీ చేసేసినప్పుడు మనకు కనిపించే ఖర్చు మందు డబ్బా ధరే. దాంతోపాటు పోయినవి లెక్కలోకి రావు. వాటిని లెక్కలోకి తెచ్చే పద్ధతి ఇక్కడ చెబుతున్నాం. మడిలో మిత్రపురుగులు ఎన్ని ఉన్నాయో చూడటం, మందు కొట్టాలా వద్దా తేల్చుకోవడం, పంట చివర్లో వాటి పనికి ఎకరానికి ఇంత అని విలువ కట్టడం, ఈ మూడూ వరుసగా చేయాలి.

ఇలాంటి లెక్కలు పెద్ద ఎత్తున ఇంతకుముందే వేశారు. అమెరికాలో జాన్ లోసీ, మేస్ వాన్ అనే శాస్త్రవేత్తలు 2006లో ఆ దేశపు పంట పొలాల్లో సహజంగా ఉండే కీటకాలు పురుగులను అదుపు చేయడం వల్ల ఏడాదికి 450 కోట్ల డాలర్ల మేలు జరుగుతోందని అంచనా కట్టారు. రెండేళ్ల తర్వాత, 2008లో, అక్కడి నాలుగు రాష్ట్రాల సోయా పంటలో ఒక్క పేనుబంకను అదుపులో ఉంచినందుకే మిత్రపురుగుల పని విలువ ఏడాదికి కనీసం 23.9 కోట్ల డాలర్లని ఇంకో బృందం తేల్చింది. ఆ అంకెలు మన ఎకరానికి పనికిరావు గానీ, వాటి వెనకున్న ప్రశ్న పనికొస్తుంది: ఇవి లేకపోతే ఎంత పోయేది, ఉన్నప్పుడు ఎంత పోయింది? ఆ రెండింటి తేడాయే విలువ.

ముందు ఎవరు ఎవరో గుర్తుపట్టాలి

మేలు చేసే జీవులు వరిలో చాలా రకాలున్నాయి. సుడిదోమ లెక్కకు నాలుగు బాగా తెలిస్తే చాలు.

మొదటిది తోడేలు సాలీడు. గూడు అల్లదు. దుబ్బు మొదట్లో, నీటికి బెత్తెడు ఎత్తులో ఉంటుంది. మనిషి అలికిడి కాగానే నీటి మీద పరుగెత్తి పక్క దుబ్బులోకి దూరుతుంది. వీపు మీద పంగల కర్రలాంటి లేతరంగు చార ఉంటుంది. ఆడది గుడ్ల సంచిని వెనక తగిలించుకుని తిరుగుతుంది. గుడ్లు పగిలాక 60 నుంచి 80 పిల్లలు తల్లి వీపు మీదే కొన్నాళ్లుంటాయి. వీపు గరుకుగా, ఉబ్బెత్తుగా కనిపించే సాలీడు దొరికితే భూతద్దం పెట్టి చూడండి, ఆ గరుకంతా పిల్లలే. ఒక్కో సాలీడు రోజుకు 5 నుంచి 15 పురుగులను తింటుందని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ లెక్క.

రెండోది మిరిడ్ నల్లి. ఎక్కువగా పొరబడేది దీని దగ్గరే. మూడు మిల్లీమీటర్లకు మించదు. ఒళ్లు ఆకుపచ్చ, తలమీద, భుజాల దగ్గర నల్ల మచ్చలు. పచ్చదోమ పిల్ల అనుకుని దీన్నే శత్రువుల్లో రాసేస్తారు. తేడా నడకలో తెలుస్తుంది. పచ్చదోమను కదిలిస్తే పక్కకు జరుగుతుంది, లేదా ఎగిరి గెంతుతుంది. మిరిడ్ గెంతదు, పొడవాటి మీసాలు ఆడిస్తూ కాండం మీద చురుగ్గా పరుగెడుతుంది. సుడిదోమ తన గుడ్లను ఆకు తొడిమ (కాండాన్ని చుట్టి ఉండే ఆకు అడుగు భాగం) లోపల, కణజాలంలో గుచ్చి పెడుతుంది. ఏ మందూ వాటిని సరిగా తాకలేదు. మిరిడ్ మాత్రం తన ముక్కును తొడిమలోకి గుచ్చి గుడ్డు వెతికి పీల్చేస్తుంది. రోజుకు 7 నుంచి 10 గుడ్లు, లేదా 1 నుంచి 5 దోమలు దీని తిండి. మందు చేయలేని పని చేస్తుంది కాబట్టి మా దృష్టిలో వరి మడిలో అన్నిటికంటే విలువైనది ఇదే.

మూడోది నీటి నల్లి. నీటి మీద గుంపులుగా తిరిగే చిన్న నల్లటి పురుగు. దుబ్బు మీంచి జారి నీళ్లలో పడిన పిల్ల దోమలను గుంపుగా చుట్టుముట్టి తింటుంది. నాలుగోది పొడవు కాళ్ల సాలీడు. ఆకు మీద కాళ్లు ముందుకీ వెనక్కీ చాచి పుల్లలా అతుక్కుని ఉంటుంది. అక్షింతల పురుగులు, తూనీగలు కనిపిస్తే రాసుకోండి. నిర్ణయానికి మాత్రం పై నాలుగే ఆధారం.

లెక్కపెట్టే విధానం

కావలసినవి: తెల్లటి ప్లాస్టిక్ పళ్లెం, పదింతలు పెద్దగా చూపే భూతద్దం, నోటుబుక్కు, పెన్సిలు. తడి చేతులకు పెన్ను పనికిరాదు.

ఉదయం 7 నుంచి 9 లోపు చూడాలి. ఎండెక్కితే పై ఆకుల మీది సాలీళ్లు లోపలికి దిగిపోతాయి, లెక్క తక్కువొస్తుంది. నాటిన 20 రోజుల నుంచి వారానికోసారి, చిరుపొట్ట దశ నుంచి గింజ గట్టిపడే దాకా వారానికి రెండుసార్లు చూడాలి.

ఎకరాకు ఐదు చోట్ల నాలుగేసి దుబ్బులు, మొత్తం 20. నాలుగు మూలల వైపు ఒక్కో చోటు, మధ్యలో ఒకటి. గట్టు నుంచి కనీసం రెండు మీటర్లు లోపలికి వెళ్లాలి, ఎందుకంటే గట్టు పక్కన మిత్రపురుగులు ఎప్పుడూ ఎక్కువే. దుబ్బును కంటితో ఏరుకోకండి. పది అడుగులు వేసి కాలి ముందున్నదాన్ని చూడండి. యూరియా ఎక్కువ పడి ముదురాకుపచ్చగా ఉన్న చోటు, నీరు నిలిచిన పల్లం ఉంటే వాటిని విడిగా చూసి విడిగా రాయండి. సుడిదోమ మొదట అక్కడే కమ్ముకుంటుంది. ఆ అంకెను సగటులో కలిపితే మడంతా ప్రమాదంలో ఉన్నట్టు కనిపిస్తుంది.

ఒక్కో దుబ్బు దగ్గర వరుస ముఖ్యం. మీ నీడ దుబ్బు మీద పడకుండా నిలబడండి. మొదట చుట్టూ నీటిని చూసి నీటి నల్లులను, పరుగెత్తే సాలీళ్లను లెక్కపెట్టండి, ఇవి ముందే పారిపోతాయి. తర్వాత పై ఆకులు. ఆ తర్వాత రెండు చేతులతో దుబ్బును మొదట్లో విప్పి దోమలను, మిరిడ్‌లను చూడండి. చివరగా దుబ్బును పళ్లెం మీదికి వంచి మూడుసార్లు అరచేత్తో తట్టండి. పళ్లెంలో పడ్డ తెల్లటి నలుసుల్లాంటివి పిల్ల దోమలు. వాటిని వదిలేస్తే వచ్చే వారం లెక్క తలకిందులవుతుంది. పిలకలు కూడా లెక్కపెట్టండి. పుస్తకంలో ఇలా ఉండాలి: "దుబ్బు 7: పిలకలు 14, దోమ 9, సాలీడు 1, మిరిడ్ 3, నీటి నల్లి 4."

20 దుబ్బులకు మొదటిసారి గంటన్నర పడుతుంది, అలవాటయ్యాక గంటలోపు అయిపోతుంది.

మందు కొట్టాలా వద్దా

తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫారసు ఈ నిర్ణయానికి చాలా ఉపయోగపడుతుంది. సాలీళ్లు లేనప్పుడు పిలకకు 1 దోమ ఉంటే మందు అవసరం. దుబ్బుకు 1 సాలీడు ఉంటే ఆ హద్దు పిలకకు 2 దోమలు. అంటే 14 పిలకల దుబ్బులో సాలీడు లేకపోతే 14 దోమలకే మందు కొట్టాలి, సాలీడుంటే 28 దాకా ఆగొచ్చు. ఒక్క సాలీడు హద్దును రెట్టింపు చేసింది. దాని పనికి ఇంతకంటే స్పష్టమైన కొలత దొరకదు.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ రైతులకు నేర్పే పద్ధతిలో శత్రువులకూ మిత్రులకూ నిష్పత్తి చూస్తారు. రెండు శత్రువులకు ఒక మిత్రపురుగు ఉంటే మందు అక్కర్లేదు. 20 దుబ్బుల్లో కలిపి దోమలు 160, మిత్రపురుగులు 80 ఉంటే 2:1, ఆగొచ్చు. మేం చెప్పేది: రెండు లెక్కలూ వేయండి, ఏది కఠినంగా ఉంటే దాన్ని పాటించండి. బీపీటీ 5204 లాంటి దోమను తట్టుకోలేని రకమైతే హద్దు దాకా ఆగకుండా కొంచెం ముందే జాగ్రత్తపడండి.

ఒక్క రోజు అంకెను నమ్ముకోకండి. మిత్రపురుగులు ఎప్పుడూ దోమ వెనకే పెరుగుతాయి, తిండి దొరికాకే వాటి సంతతి పెరుగుతుంది. గాలివాటుకు రెక్కల దోమ ఒక్కసారిగా దిగితే మొదటి వారం నిష్పత్తి చెడిపోయినట్టు కనిపిస్తుంది. హద్దు దాటనంత వరకు మూడు నాలుగు రోజులకు మళ్లీ చూడండి. దోమ పెరిగి మిరిడ్‌లు కూడా పెరుగుతుంటే అవి అందుకుంటున్నాయని అర్థం. దోమ రెట్టింపై మిత్రపురుగులు ఉన్నచోటే ఉంటే ఆగడం తప్పు. దోమపోటు సుళ్లు (దోమ వల్ల గుండ్రంగా ఎండిపోయిన చోట్లు) కనిపించేదాకా ఆగితే ఆ దుబ్బులు మళ్లీ కోలుకోవు.

ఇప్పుడు రూపాయలు

ముందు చాలామంది వేసే తప్పుడు లెక్క చూద్దాం. చదరపు మీటరుకు 33 దుబ్బులంటే ఎకరాకు సుమారు 1,33,500 దుబ్బులు. రెండు దుబ్బులకొక సాలీడున్నా 66,000కు పైగా సాలీళ్లు. ఒక పిచికారీ ఖర్చు 1,300 రూపాయలు అనుకుని సాలీళ్ల సంఖ్యతో భాగిస్తే ఒక్కోదాని విలువ రెండు పైసలు. "రోజుకు పది దోమలు తింటుంది కాబట్టి ఇన్ని లక్షల దోమలు, ఇన్ని వేల రూపాయలు" అని ఇంకొందరు ఎటో తీసుకుపోతారు. రెండూ పనికిరావు. 5 నుంచి 15 అనేది తిండి సమృద్ధిగా ఉన్నప్పటి మాట. అంతేకాదు, సాలీడు దోమను ఒక్కదాన్నే తినదు, మిరిడ్‌ను కూడా తింటుంది. విలువను పురుగుకు కట్టకూడదు, ఎకరానికి, ఒక పంట కాలానికి కట్టాలి.

దానికి నాలుగు అంకెలు కావాలి.

ఒకటి: ఒక పిచికారీ పూర్తి ఖర్చు. సుడిదోమకు వాడే మందుల మోతాదు ఎకరాకు పైమెట్రోజిన్ 50 డబ్ల్యూజీ అయితే 120 గ్రాములు, ట్రైఫ్లూమెజోపైరిమ్ 10 ఎస్‌సీ అయితే 94 మి.లీ., 200 లీటర్ల నీళ్లలో. మందు ధరతోపాటు కూలి, స్ప్రేయర్ అద్దె, పెట్రోలు, నీళ్ల మోత కలపాలి. స్వయంగా కొట్టుకున్నా మీ కూలి వేసుకోండి.

రెండు: మిత్రపురుగులు లేకపోతే ఎన్నిసార్లు కొట్టాల్సి వచ్చేది. దీనికి మీ ఊళ్లోనే అదే రకం, అదే వారంలో నాటి, తొలిదశ నుంచీ మందులు వాడిన మూడు నాలుగు పొలాల లెక్క అడిగి తీసుకోండి. బీపీటీ 5204 మడిని ఎంటీయూ 1064 మడితో పోల్చకండి. రెండోది దోమను తట్టుకునే రకం, ఆ మేలు విత్తనానిది.

మూడు: ఏ మందూ లేక, మిత్రపురుగులూ లేకపోతే ఎంత దిగుబడి పోయేది.

నాలుగు: మీ మడిలో నిజంగా ఎంత పోయింది, పరిశీలనకు, మిత్రపురుగుల కోసం గట్టు మీద వేసిన పూల మొక్కలకు ఎంత పెట్టారు.

ఇక్కడ జాగ్రత్త. ఆదా అయిన మందు ఖర్చునూ, తప్పిన దిగుబడి నష్టాన్నీ కలిపేయకూడదు. మిత్రపురుగులు లేకపోతే రైతు చేతులు కట్టుకుని కూర్చోడు, మందు కొడతాడు. అప్పుడు నష్టంలో చాలా భాగం ఆగుతుంది. కాబట్టి ఆ రెండు దారుల్లో దేనికి తక్కువ ఖర్చో దాన్నే తీసుకోవాలి. ప్రకటనల్లో, ఉపన్యాసాల్లో కనిపించే పెద్ద పెద్ద అంకెల్లో చాలావాటికి కారణం ఈ రెండింటినీ కలిపేయడమే.

ఉదాహరణ చూద్దాం. ఇందులో మద్దతు ధర ఒక్కటే నిజమైనది (2025-26లో సాధారణ రకం ధాన్యం క్వింటాలు 2,369 రూపాయలు). మిగతావి పద్ధతి చూపించడానికే, వాటి చోట మీ అంకెలు వేసుకోండి. పిచికారీకి 1,300 చొప్పున రెండుసార్లు 2,600. మందు కొట్టినా పోయే అర క్వింటాలు 1,185. మొత్తం 3,785. మందే లేకపోతే నాలుగు క్వింటాళ్లు పోయేవి, అంటే 9,476. రెండింటిలో తక్కువది 3,785. మీరు మందు కొట్టకుండా గట్టెక్కిన మడిలో పావు క్వింటాలు పోయింది, 592. పరిశీలనకు పది గంటలు, గంటకు 60 చొప్పున 600. గట్టు మీద నువ్వుల విత్తనానికి 50. ఇవన్నీ తీసేస్తే మిగిలేది 2,543. ఆ పంటలో సుడిదోమ విషయంలో మిత్రపురుగులు ఎకరానికి చేసిన పని విలువ అది.

ఆ ఏడాది దోమే రాకపోతే? విలువ సున్నాకు దగ్గరగా వస్తుంది, అలాగే రాయండి. మూడు నాలుగు పంటల సగటు చూస్తేనే అసలు బొమ్మ కనిపిస్తుంది.

మూడో అంకె కోసం దోమతెర పరీక్ష

"మిత్రపురుగులు లేకపోతే" అన్న స్థితిని ఊహించడం కంటే చిన్న చోట సృష్టించి చూడటం మేలు. పరిశోధన క్షేత్రాల్లో ఎన్నో ఏళ్లుగా చేస్తున్న పద్ధతే ఇది.

మడిలో మూడు చోట్లు ఎంచుకోండి. ఒక్కో చోట నాలుగేసి దుబ్బుల జతలు రెండు. జత చుట్టూ నాలుగు వెదురు కర్రలు పాతి సన్న కన్ను నైలాన్ దోమతెర కప్పండి. మొదటి జతకు తెర అంచును బురదలో అరచేయి లోతు పూడ్చాలి, పైన ముడేయాలి. రెండో జతకు అదే తెర, అదే ఎత్తు, కానీ కింద జానెడు ఖాళీ వదలాలి, మిత్రపురుగులు వచ్చిపోవడానికి. ఈ రెండోది లేకపోతే పరీక్షకు అర్థం లేదు. తెర వేస్తే నీడ, తేమ పెరుగుతాయి, అవి సుడిదోమకు ఇష్టం. తెరలేని దుబ్బుతో పోలిస్తే తెర ప్రభావాన్ని కూడా సాలీడు ఖాతాలో వేసినట్టవుతుంది.

మూసిన జతలో ఉన్న సాలీళ్లను, మిరిడ్‌లను చేత్తో, చిన్న బ్రష్‌తో ఏరేయండి. రెండు రోజులాగి మళ్లీ ఏరండి, మొదటిసారి కొన్ని తప్పించుకుంటాయి. మిరిడ్ గుడ్లు కూడా వరి కణజాలంలోనే ఉంటాయి కాబట్టి వారానికి పిల్లలు బయటికి రావచ్చు, వాటినీ తీసేయాలి. రెండు జతల్లోనూ దుబ్బుకు ఐదేసి ఆడ దోమలు వదలండి. 20 నుంచి 25 రోజుల్లో, అంటే ఒక తరం పూర్తయ్యేసరికి, రెండింటిలో దోమలు లెక్కపెట్టండి. కోతప్పుడు దుబ్బుల గింజ విడివిడిగా తూచండి.

మూసిన తెరలోంచి రెక్కల దోమ ఎగిరిపోలేదు, బయటైతే కొన్ని వెళ్లిపోతాయి. కాబట్టి ఈ పరీక్షలో వచ్చే నష్టం అసలు కంటే కాస్త ఎక్కువే. దాన్ని పై హద్దుగా వాడుకోండి. పన్నెండేసి దుబ్బుల తూకాన్ని ఎకరానికి గుణించి క్వింటాళ్లుగా ప్రకటించవద్దు, అంత చిన్న కొలతలో పొరపాటు పెద్దదవుతుంది. పరీక్ష అయ్యాక తెర తీసేముందు మూసిన జతలోని దోమను మందుతో చంపండి, లేకపోతే ఆ నాలుగు దుబ్బుల నుంచే మడికి అంటుకుంటుంది.

తొలి మందు అసలు ఖర్చు

నాటిన మొదటి 40 రోజులు ఆకుతినే పురుగులకు మందు కొట్టొద్దన్న సూత్రాన్ని కీటక శాస్త్రవేత్త కె.ఎల్. హియాంగ్ బృందం వియత్నాంలోని మెకాంగ్ డెల్టా రైతులతో 1990లలో పరీక్షకు పెట్టించింది. ఆ దశలో చిరిగిన ఆకును వరి కొత్త పిలకలతో పూడ్చుకుంటుంది. అప్పుడు కొట్టిన మందు వల్ల దిగుబడి పెరగదు. పోయేదేమో చాలా ఎక్కువ.

అప్పుడే దమ్ము చేసిన మడిలో కుళ్లే ఎరువు మీద, నీటి నాచు మీద చిన్న చిన్న ఈగలు, స్ప్రింగ్‌టెయిల్ పురుగులు పుట్టుకొస్తాయి. ఇవి పంటకు మంచీ చేయవు, చెడూ చేయవు. దోమ ఇంకా రాని ఆ రోజుల్లో సాలీళ్లకు తిండి ఇవే. ఇండోనేసియాలోని జావా వరి పొలాల్లో 1990లలో చేసిన అధ్యయనంలో ఈ సంగతి బయటపడింది. సేంద్రియ పదార్థం పెంచిన మడుల్లో ఈ తటస్థ పురుగులు పెరిగాయి, వాటితో వేటాడే పురుగులు పెరిగాయి. తొలి పిచికారీ ఆ తిండినే చంపేస్తుంది. సాలీడు మందుకు చావకపోయినా ఆకలికి పోతుంది. నలభై రోజులకు దోమ దిగేసరికి మడి ఖాళీగా ఉంటుంది. అందుకే తొలి పిచికారీ బిల్లులో తర్వాతి రెండు పిచికారీలు కూడా ఉన్నట్టే లెక్క.

సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, లామ్డా సైహలోత్రిన్ లాంటి సింథటిక్ పైరిథ్రాయిడ్లు ఇందులో అన్నిటికంటే చేటు. పైనున్న దోమ చస్తుంది, తొడిమలోని గుడ్లు మిగులుతాయి, ఆ గుడ్లను తినే మిరిడ్ చస్తుంది. వారం పది రోజుల్లో పొదిగిన పిల్లలకు ఎదురు ఉండదు. "మందు కొట్టాక దోమ ఎక్కువైంది" అని రైతులు చెప్పేది నిజం. 1986లో ఇండోనేసియా ప్రభుత్వం ఈ తిరగబెట్టుడు వల్లే వరిలో 57 రకాల పురుగుమందుల వాడకాన్ని నిషేధించి, ఆ తర్వాత మూడేళ్లలో మందుల మీద ఇచ్చే భారీ రాయితీని ఎత్తేసింది.

తప్పనిసరైతే ఏం కొట్టాలి? సుడి కనిపించిన చోటు, దాని చుట్టూ నాలుగైదు మీటర్లు మాత్రమే కొట్టండి. నీరు తీసేసి, పాయలు విడదీసి, నాజిల్ దుబ్బు మొదట్లోకి పెట్టండి. పై ఆకుల మీద పడ్డ మందు దోమకు తగలదు, సాలీడుకు తగులుతుంది. పైమెట్రోజిన్, ట్రైఫ్లూమెజోపైరిమ్ మిత్రపురుగులకు తక్కువ హాని చేస్తాయి. బుప్రోఫెజిన్ పిల్ల దోమల మీదే పనిచేస్తుంది, పెద్దవి ఎక్కువగా ఉంటే ఫలితం కనిపించదు.

పెంచడానికి పెట్టే చిన్న ఖర్చులు

నాటేటప్పుడు ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తూర్పు పడమరలుగా వదలాలి. గాలి, వెలుతురు దిగితే దోమ తగ్గుతుంది, మీరు లెక్కపెట్టడానికి దారీ ఉంటుంది.

గట్ల మీద నువ్వులు వేయండి. దోమ గుడ్లలో గుడ్లు పెట్టే పరాన్నజీవి కందిరీగలకు తేనె కావాలి, వరిలో అది దొరకదు. చైనా, థాయ్‌లాండ్, వియత్నాంలలో గట్లమీద పూల మొక్కలు పెంచి చేసిన పరీక్షల ఫలితాలు 2016లో వచ్చాయి: మందుల వాడకం 70 శాతం తగ్గింది, దిగుబడి 5 శాతం పెరిగింది, ఆదాయంలో 7.5 శాతం మేలు. నువ్వులను వరి నాట్లకు రెండు వారాల ముందే విత్తితే సుడిదోమ వచ్చేసరికి పూతలో ఉంటాయి. ఆలస్యంగా వేసి "ఫలితం లేదు" అనడం సరికాదు. గట్టు గడ్డికి గడ్డి మందు కొట్టకండి, కొడవలితో ఒకసారి ఒక వైపే కోయండి. రెండు వైపులా ఒకేసారి కోస్తే సాలీళ్లకు దాక్కునే చోటుండదు.

యూరియా సిఫారసు మించితే పై పనులన్నీ వృథా. దోమ సంతతి మిత్రపురుగులు అందుకోలేనంత వేగంగా పెరుగుతుంది. మడిని అప్పుడప్పుడు ఆరబెట్టడం దోమకు మంచి మందే, అయితే నీటి నల్లులు నీళ్లతోపాటు పోతాయి. ఆరబెట్టిన వారం లెక్కలో అవి తగ్గితే కంగారు పడకండి.

మొగిపురుగు ఖాతా వేరు

సాలీళ్ల బలం చూసి మొగిపురుగును (కాండం తొలుచు పురుగు) పట్టించుకోకపోతే దెబ్బతింటారు. దాని లార్వా కాండంలో దాక్కుంటుంది, సాలీడుకు అందదు. దానికి ముకుతాడు గుడ్డు దశలోనే వేయాలి. ఆ పని చేసేవి కంటికి నలుసంత కనిపించే కందిరీగలు: టెలినోమస్, టెట్రాస్టికస్, ట్రైకోగ్రామా.

మీ మడిలో అవి ఎంత పనిచేస్తున్నాయో తెలుసుకోవడం తేలిక. ఆకు కొనల దగ్గర గోధుమ రంగు నూగు కప్పిన గుడ్ల ముద్దలు పదింటిని ఆకు ముక్కతో సహా తెచ్చి, ఒక్కోదాన్ని విడి సీసాలో తడి దూదితో పెట్టి, మూతికి పలుచటి గుడ్డ కట్టండి. సీసాను ఎండలో పెట్టకండి, దూది ఆరనివ్వకండి. వారం పది రోజుల్లో ఏ సీసాలో నల్లటి చిన్న కందిరీగలు వచ్చాయో, ఏ సీసాలో నల్లటి తల ఉన్న లార్వాలు వచ్చాయో రాయండి. రెండూ వస్తే ఎక్కువ ఏవో చూడండి. సగానికి పైగా ముద్దల్లో కందిరీగలే వస్తే మందు జోలికి పోకుండా చచ్చిన మొవ్వులను లెక్కపెడుతూ ఉండండి. 5 శాతం దాటితేనే ఆలోచించాలి. చదరపు మీటరుకు ఒక గుడ్ల ముద్ద కనిపిస్తూ, సీసాల్లో లార్వాలే ఎక్కువైతే ట్రైకో కార్డులు (వేరే పురుగు గుడ్లలో ట్రైకోగ్రామా కందిరీగలను పెంచి, ఆ గుడ్లను అంటించిన అట్టలు) తెప్పించాలి.

మొగిపురుగుకు ట్రైకోగ్రామా జపానికం, ఆకుముడతకు ట్రైకోగ్రామా కైలోనిస్. ఒక కార్డు మీద సుమారు 18 నుంచి 20 వేల గుడ్లుంటాయి. ఎకరాకు రెండు కార్డులు, వారానికోసారి, మూడు నాలుగు సార్లు. కార్డు అందగానే భూతద్దంతో చూడండి. నల్లబడిన గుడ్లు పనికొస్తాయి. తెల్లగా ఉన్నవాటిలో కందిరీగ లేదు. గుడ్లకు రంధ్రాలుంటే కందిరీగలు దారిలోనే వెళ్లిపోయాయి, ఆ కార్డు వృథా. ఎండలో బస్సు మీద వచ్చిన పెట్టెల్లో ఇది మామూలే కాబట్టి రాత్రి బస్సుకు పంపమని అడగండి. కార్డును ముక్కలుగా కత్తిరించి, సాయంత్రం పూట, ఆకు అడుగు వైపున పిన్ను చేయాలి. ఎకరాలో ఇరవై చోట్ల సమంగా పెట్టండి. కర్రకు గుచ్చితే చీమలు ఎక్కి తినేస్తాయి. ముందూ వెనకా వారం రోజులు ఏ పురుగుమందూ తగలకూడదు, పక్క మడివాళ్లకు కూడా ఆ సంగతి ముందే చెప్పాలి. రెండో రోజు మూడు నాలుగు ముక్కలు తీసి చూస్తే గుడ్లకు గుండుసూది మొన అంత రంధ్రాలు కనిపించాలి. నాలుగో రోజుకు కూడా కనిపించకపోతే సరఫరా చేసినవాళ్లను ఆ ముక్కలతో సహా అడగండి.

కార్డుల ఖర్చును సుడిదోమ లెక్కలో కలపకండి. మొగిపురుగుకు విడి పేజీ పెట్టి, అక్కడ కార్డుల ధర, పెట్టిన కూలి, తప్పిన గుళికల మందు ఖర్చు, కోతకు ముందు చదరపు మీటరులో కనిపించిన తెల్లకంకుల సంఖ్య రాయండి. రెండు పేజీల్లోనూ పైన రకం పేరు, నాటిన తేదీ, ఎకరాకు వేసిన యూరియా, పక్క మడుల్లో మందు కొట్టిన తేదీలు ఉండాలి. ఈ నాలుగూ రాయకపోతే వచ్చే పంటతో పోల్చుకోవడానికి వీలుండదు.